విండో వేరైనంత మాత్రాన లాగిన్ వేరు కాదు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. గుంటూరు అరండల్‌పేటలోని ఒక పన్ను సలహాదారుల కార్యాలయంలో మీరు పనిచేస్తున్నారు. ఒకే పన్ను సైటులో ఇద్దరు క్లయింట్ల ఖాతాలను పక్కపక్క ట్యాబ్‌లలో తెరిచినప్పుడు, మొదటి ట్యాబ్‌లో పేజీ మార్చగానే రెండవ క్లయింటు పేరు కనిపించింది. సీనియర్ ఒకరు "ట్యాబ్‌లు కాదు, విడివిడిగా విండోలు తెరవండి, అప్పుడు కలవవు" అన్నారు. మరొకరు "విండోలు ఎక్కువైతే సిస్టమ్ నెమ్మదిస్తుంది, ట్యాబ్‌లే తేలిక" అన్నారు. వీరిలో ఎవరి మాట సరైనది, అసలు విండోకు, ట్యాబ్‌కు తేడా ఏమిటి అని అడిగారు. నేటి బ్రౌజర్ల విషయంలో ఇద్దరి మాటా సరైనది కాదు. అయితే మీ సీనియర్ గారి మాట ఒకప్పుడు నిజమే. దానిని నమ్ముకుని నేను కూడా ఒకసారి దెబ్బతిన్నాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

విజయవాడ గవర్నర్‌పేటలో నేను చాలా ఏళ్లు ఇంటర్నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు కొన్ని ఆఫీసుల కంప్యూటర్లు చూసుకుంటున్నాను.

ముందుగా తేడా సంగతి. విండో అనేది కంప్యూటర్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిసిన వస్తువు. కింద టాస్క్‌బార్‌లో దాని గుర్తు కనిపిస్తుంది, ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ మీట నొక్కితే వరుసలో అది వస్తుంది, దానిని చిన్నది చేయవచ్చు, పక్కకు జరపవచ్చు, రెండవ మానిటర్ ఉంటే దాని మీదకు లాగి పెట్టవచ్చు. ట్యాబ్ బ్రౌజర్‌కు మాత్రమే తెలిసిన వస్తువు. ఒక విండోలో ముప్పై ట్యాబ్‌లు తెరిచినా ఆపరేటింగ్ సిస్టమ్ లెక్కలో అది ఒకే విండో. ఎడ్జ్ బ్రౌజర్ ట్యాబ్‌లను ఆల్ట్ వరుసలోనే చూపించే సదుపాయాన్ని 2020 నుంచి విండోస్‌లో పెట్టారు గానీ అది ఆ రెండింటి మధ్య చేసుకున్న ప్రత్యేక ఏర్పాటు. (మైక్రోసాఫ్ట్ వారు తమ సిస్టమ్‌కు పెట్టుకున్న పేరు కూడా విండోస్ కావడంతో కొత్తగా నేర్చుకునేవారు తికమక పడుతుంటారు. ఇక్కడ నేను విండో అన్నప్పుడల్లా బ్రౌజర్ చట్రం అనే అర్థం.)

మామూలుగా ఒక విండోలో ఒక సమయంలో ఒక ట్యాబ్‌లోని పేజీ మాత్రమే కంటికి కనిపిస్తుంది. మిగిలినవి పేర్ల పట్టీగా పైన ఉంటాయి. రెండు పేజీలను ఒకేసారి చూడవలసి వస్తే రెండు విండోలు తెరవవచ్చు, ఎడ్జ్ వంటి బ్రౌజర్లలో ఒకే విండోను రెండుగా విభజించి చూసే సదుపాయం కూడా ఇప్పుడు ఉంది. ట్యాబ్, విండో అనే విభజన ప్రధానంగా చూపుకు సంబంధించినది. పేజీని ఎవరి పేరుతో తెరిచారు, ఏ ఖాతాలో ఉన్నారు అన్న విషయంతో దానికి సంబంధం లేదు. మీ చిక్కంతా ఇక్కడే ఉంది.

లాగిన్ అయినప్పుడు లోపల జరిగేది చూద్దాం. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి వెళ్లేటప్పుడు చెప్పుల స్టాండులో టోకెన్ ఇస్తారు. తిరిగి వచ్చినప్పుడు ఆ మనిషి మన ముఖం చూడడు, టోకెన్ మీది నంబరు చూసి చెప్పులు ఇస్తాడు. వెబ్‌సైట్ కూడా అంతే. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చిన తరువాత సైటు మీ బ్రౌజర్‌కు ఒక టోకెన్ ఇస్తుంది. దానినే కుకీ అంటారు. ఆ తరువాత మీరు నొక్కే ప్రతి బటన్‌తో పాటు బ్రౌజర్ ఆ టోకెన్‌ను సైటుకు చూపిస్తుంది. ఒక్కో సైటు టోకెన్ పెట్టుకోవడానికి బ్రౌజర్‌కు ఉన్నది ఒకే జేబు. ట్యాబ్‌కు ఒక జేబు, విండోకు ఒక జేబు ఉండవు.

ఇప్పుడు మీ రెండు ట్యాబ్‌ల సంగతి చూడండి. మొదటి ట్యాబ్‌లో మొదటి క్లయింటుగా లాగిన్ అయ్యారు, జేబులో అతని టోకెన్ ఉంది. రెండవ ట్యాబ్‌లో రెండవ క్లయింటుగా లాగిన్ కాగానే పాత టోకెన్ స్థానంలోకి కొత్తది వచ్చింది. మొదటి ట్యాబ్ తెర మీద మాత్రం ఇంకా మొదటి క్లయింటు పేరు, అంకెలు అలాగే ఉన్నాయి, ఎందుకంటే అది అంతకుముందే తెచ్చి చూపించిన పేజీ. మీరు ఆ ట్యాబ్‌లో ఏదైనా బటన్ నొక్కినప్పుడు సైటుకు వెళ్లేది రెండవ క్లయింటు టోకెన్. తెర మీద ఒకరి పేరు ఉండగా పని మరొకరి ఖాతాలో జరిగే ప్రమాదం ఇలా వస్తుంది. మీరు పేజీ మార్చినప్పుడు పేరు మారి కనిపించింది కనుక మీరు బయటపడ్డారు. పేరు కనిపించని పేజీ అయితే తెలిసేది కాదు.

అన్ని సైట్లూ ఒకేలా ప్రవర్తించవు. కొన్ని సైట్లు రెండవ లాగిన్‌ను పసిగట్టి మొదటి దానిని వెంటనే బయటకు పంపిస్తాయి. మరికొన్ని తమ గుర్తును కుకీలో కాకుండా ట్యాబ్‌కు మాత్రమే పరిమితమైన చోట దాచుకుంటాయి. అలాంటి సైట్లలో రెండు ట్యాబ్‌లలో రెండు లాగిన్లు నిజంగానే విడివిడిగా నిలుస్తాయి. ఏ సైటు ఏ పద్ధతిలో రాశారో బయట నుంచి చూసి చెప్పలేము కనుక, కలుస్తాయనే అనుకుని పనిచేయడం క్షేమం.

ఇక మీ సీనియర్ గారి నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో ట్యాబ్‌లే లేవు. ఒపెరా, మొజిల్లా వాడేవారికి అవి ముందే పరిచయం, 2004లో ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్‌తో ఇంకా ఎక్కువ మందికి తెలిశాయి. కానీ మన ఇంటర్నెట్ సెంటర్లలో అందరూ నొక్కేది తెర మీది నీలం రంగు ‘ఇ’ అక్షరాన్నే, అంటే ఎక్స్‌ప్లోరర్ గుర్తునే. అందులో ట్యాబ్‌లు 2006లో ఏడవ వెర్షన్‌తో గానీ రాలేదు. పరీక్ష ఫలితాల రోజున మా సెంటర్‌లో ఒక్కో సిస్టమ్ మీద పది పన్నెండు విండోలు తెరిచి ఉండేవి. చోటు చాలక టాస్క్‌బార్ వాటన్నిటినీ ఒకే బటన్ కిందకు చేర్చేది. ఏ విండోలో ఏ నంబరు కొట్టామో వెతుక్కోవడానికే సమయం సరిపోయేది.

ఆ పాత ఎక్స్‌ప్లోరర్‌లో ఒక విచిత్రం ఉండేది. తెరిచి ఉన్న విండోలోనే కంట్రోల్ పట్టుకుని ఎన్ నొక్కితే వచ్చే కొత్త విండో పాత లాగిన్‌ను పంచుకునేది. అలా కాకుండా డెస్క్‌టాప్ మీది గుర్తును మళ్లీ నొక్కి తెరిస్తే వచ్చే విండో వేరే ప్రాసెస్‌గా, అంటే మొదటిదానితో సంబంధం లేని మరో ప్రోగ్రామ్‌లా నడిచేది. బ్రౌజర్ మూసేవరకే నిలిచే లాగిన్ టోకెన్లు ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లేవి కావు. అంటే కొత్త విండో తెరవండి, కలవదు అన్న మాట, తెరిచే పద్ధతిని బట్టి, అక్షరాలా నిజం. 2009లో వచ్చిన ఎనిమిదవ వెర్షన్‌లో ఈ పద్ధతిని మార్చి అన్ని విండోల లాగిన్లనూ కలిపేశారు. విడిగా కావాలనుకునేవారి కోసం ఫైల్ మెనూలో కొత్త సెషన్ అనే ఆదేశం పెట్టారు. ఆ మెనూ తెరిచి చూసినవారు ఎందరు?

నేను చూడలేదు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో ఇద్దరు విద్యార్థులు వెబ్ ఆప్షన్లు పెట్టించుకోవడానికి ఒకేసారి వచ్చారు. రద్దీగా ఉంది, సిస్టమ్ ఒకటే ఖాళీ. పాత అలవాటు ప్రకారం డెస్క్‌టాప్ గుర్తు నొక్కి రెండు విండోలు తెరిచాను, ఎడమ విండోలో ఒకరి లాగిన్, కుడి విండోలో మరొకరి లాగిన్. ఇద్దరి జాబితాలనూ మార్చి మార్చి కొట్టుకుంటూ పోయాను. చివరకు ప్రింటు తీసి మొదటి అబ్బాయి చేతికి ఇస్తే అతను పైన ఉన్న హాల్‌టికెట్ నంబరు చూసి "అన్నా, ఇది నాది కాదు" అన్నాడు. కాలేజీల వరుస అతనిది, నంబరు పక్కనున్న అమ్మాయిది. ఆప్షన్లు అప్పటికింకా ఫ్రీజ్ చేయలేదు కనుక ఇద్దరివీ చెరిపి, ఒకరి తరువాత ఒకరివి, మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఆ తప్పు సైటుది కాదు, నాది. కాలం చెల్లిన ఒక నిజాన్ని పట్టుకుని కూర్చోవడం వల్ల వచ్చిన తప్పు.

మరి ఇద్దరి ఖాతాలు నిజంగా ఒకేసారి తెరవాలంటే ఏమి చేయాలి? రెండవ జేబు కావాలి. క్రోమ్‌లోను, ఎడ్జ్‌లోను దానిని ప్రొఫైల్ అంటారు. విండో పైభాగాన గుండ్రటి బొమ్మ ఉంటుంది, దానిని నొక్కి కొత్త ప్రొఫైల్‌ను చేర్చవచ్చు. ఒక్కో ప్రొఫైల్‌కు కుకీలు, బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు వేరుగా ఉంటాయి. ప్రొఫైల్ ఎప్పుడూ సొంత విండోలోనే తెరుచుకుంటుంది, ఒకే విండోలో రెండు ప్రొఫైళ్ల ట్యాబ్‌లు కలవవు. బహుశా దీనిని చూసే చాలామంది "విండో వేరు కాబట్టి లాగిన్ వేరు" అనుకుంటున్నారు. వేరైనది విండో వల్ల కాదు, ప్రొఫైల్ వల్ల. ఫైర్‌ఫాక్స్‌లో మరో మార్గం కూడా ఉంది. మొజిల్లా వారే ఇచ్చే కంటైనర్ల ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే భాగం) వేసుకుంటే ఒకే విండోలో రంగు గీతల ట్యాబ్‌లు వస్తాయి, ఒక్కో రంగుకు ఒక్కో జేబు. మీవంటి పనికి నేను చూసినవాటిలో ఇది అన్నిటికంటే సులువైనది.

చూసిన పేజీల చరిత్రను దాచిపెట్టుకోని ఇన్‌కాగ్నిటో విండోను కూడా చాలామంది ఇందుకు వాడుతుంటారు. అది మామూలు విండోకు భిన్నమైన రెండవ జేబే, అనుమానం లేదు. కానీ క్రోమ్‌లో మూడు ఇన్‌కాగ్నిటో విండోలు తెరిస్తే మూడు జేబులు రావు, ఆ మూడింటికీ కలిపి ఒక్కటే. కనుక మామూలు విండోలో ఒక క్లయింటు, ఇన్‌కాగ్నిటోలో ఒక క్లయింటు, అక్కడితో సరి. పైగా ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేవరకు ఆ లాగిన్ బతికే ఉంటుంది, ఒకటి మూశాము కదా అనుకుంటే చాలదు.

రెండవ వారి మాట, విండోలు బరువు అన్నది. బరువు పేజీలో ఉంటుంది, చట్రంలో కాదు. 2008లో వచ్చినప్పటి నుంచి క్రోమ్ పేజీలను విడివిడి ప్రాసెస్‌లుగా నడుపుతోంది. 2018 నుంచి డెస్క్‌టాప్‌లో సైటు సైటునూ వేరు చేస్తోంది. పది పేజీలు పది విండోలలో ఉన్నా, ఒకే విండోలో పది ట్యాబ్‌లుగా ఉన్నా మెమరీ దాదాపు అంతే పడుతుంది. మీ సిస్టమ్ 4 జీబీది అన్నారు కనుక ఒక పని చేసి చూడండి: క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ మీట నొక్కండి. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుని, ఏ పేజీ ఎంత మెమరీ తింటున్నదో వరుసగా చూపిస్తుంది. సాధారణంగా వీడియోలు, ప్రకటనలు నిండిన వార్తల పేజీలే పైన కనిపిస్తాయి. మీ పన్ను సైటు కాదు, మధ్యాహ్నం ఎవరో తెరిచి మరచిపోయిన క్రికెట్ స్కోరు కావచ్చు.

అయితే ఒక చిన్న తేడా లేకపోలేదు. కంటికి కనిపించని ట్యాబ్‌ను బ్రౌజర్ కొంత నిద్రపుచ్చుతుంది. వెనకనున్న పేజీ తనంతట తాను పనులు చేసుకోవడానికి పెట్టుకున్న గడియారాలను (టైమర్లను) సెకనుకు ఒకసారికి తగ్గిస్తుంది. 2021 జనవరిలో వచ్చిన 88వ వెర్షన్ నుంచి క్రోమ్, చప్పుడు చేయని పేజీ ఐదు నిమిషాలకు పైగా వెనక ఉంటే, చాలా సందర్భాలలో నిమిషానికి ఒక్కసారికే పరిమితం చేస్తోంది. మెమరీ ఆదా సదుపాయం పనిచేస్తుంటే చాలాసేపు ముట్టుకోని ట్యాబ్‌ను పూర్తిగా ఖాళీ చేసి, మీరు మళ్లీ నొక్కినప్పుడు పేజీని కొత్తగా తెస్తుంది. ఈలోగా సైటు గడువు ముగిస్తే లాగిన్ పేజీ ఎదురవుతుంది. పక్కపక్కనే పరిచిన రెండు విండోలలో రెండు పేజీలూ మెలకువగానే ఉంటాయి. ఆ మేరకు పని కొంచెం ఎక్కువ, అంతే.

విండోలు నిజంగా ఉపయోగపడేది ఒకదానిని చూస్తూ మరొకదానిలో రాసేటప్పుడు. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి ఒకరి ఆఫీసులో గుమాస్తా ఒక ట్యాబ్‌లో ధరలు చూసి, నోట్లో గొణుక్కుంటూ, రెండవ ట్యాబ్‌కు మారి అంకె కొట్టడం చూశాను. క్వింటాల్ ధరలో ఒక్క అంకె తారుమారైతే చాలు. ట్యాబ్ పేరు మీద మౌస్ ఎడమ బటన్ నొక్కి పట్టుకుని, పట్టీ నుంచి కిందికి లాగి వదిలితే అది సొంత విండో అయిపోతుంది. పేజీ మళ్లీ లోడ్ కాదు, సగం నింపిన ఫారం సగం అలాగే ఉంటుంది, వెనక్కి వెళ్లే బాణం కూడా పనిచేస్తుంది. తరువాత విండోస్ మీట పట్టుకుని ఎడమ బాణం నొక్కితే అది తెరలో ఎడమ సగానికి సర్దుకుంటుంది, కుడి సగానికి రెండవదానిని ఎంచుకోవచ్చు. పని అయిపోయాక ట్యాబ్ పేరును పట్టుకుని తిరిగి మొదటి విండో పట్టీ మీదకు లాగితే మళ్లీ ట్యాబ్‌గా కలిసిపోతుంది.

మీ వృత్తికి సంబంధించి మీరు అడగని సంగతి ఒకటి ఉంది: ఆన్‌లైన్ సమావేశంలో తెరను చూపించడం. బ్రౌజర్‌లో తెరిచిన సమావేశం ట్యాబ్ చూపించాలా, విండో చూపించాలా, మొత్తం తెర చూపించాలా అని అడుగుతుంది. విండోను ఎంచుకుంటే ఆ విండోలో మీరు ఏ ట్యాబ్‌కు మారినా అవతలివారికి కనిపిస్తుంది, పైన వరుసగా ఉన్న ట్యాబ్‌ల పేర్లు కూడా కనిపిస్తాయి. ఒక క్లయింటుతో మాట్లాడుతుండగా ఇంకొక క్లయింటు వ్యాపారం పేరు అలా బయటపడటం మర్యాద కాదు. ట్యాబ్‌ను మాత్రమే ఎంచుకుంటే ఆ ఒక్క పేజీయే వెళ్తుంది.

మరొక సందర్భం చెల్లింపులది. కొన్ని సైట్లు బ్యాంకు పేజీని ట్యాబ్‌గా కాక, పైన ట్యాబ్‌ల పట్టీ లేని చిన్న విండోగా తెరుస్తాయి. మీరు పొరపాటున వెనకనున్న పెద్ద విండో మీద నొక్కితే ఆ చిన్నది దాని వెనక్కి పోతుంది. ఏమీ జరగలేదనుకుని చెల్లింపు బటన్‌ను మళ్లీ నొక్కేవారు చాలామంది. నొక్కకముందు ఆల్ట్, ట్యాబ్ మీటలతో విండోల వరుస చూడండి. అక్కడ కూడా లేకపోతే చిరునామా పట్టీ చివర పాప్అప్‌ను, అంటే ఇలాంటి చిన్న విండోను, ఆపినట్లు చిన్న గుర్తు ఉందేమో చూడండి.

మూసే దగ్గర జాగ్రత్త. ట్యాబ్ పేరు పక్కన ఉన్న గుణకారం గుర్తు ఆ ఒక్క పేజీని మూస్తుంది, విండో కుడి మూలన ఉన్నది అన్ని ట్యాబ్‌లనూ మూస్తుంది. మీటల మీద అయితే కంట్రోల్, డబ్ల్యూ ట్యాబ్‌కు, వాటికి షిఫ్ట్ కలిపితే విండోకు. పొరపాటున మూస్తే కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని టి నొక్కండి, చివరగా మూసినది తిరిగి వస్తుంది. విండోనే మూసి ఉంటే ట్యాబ్‌లన్నిటితో సహా వస్తుంది. నింపిన అంకెలు తిరిగి వస్తాయన్న హామీ మాత్రం లేదు, ఇన్‌కాగ్నిటోలో అయితే ఏదీ రాదు.

ఇప్పుడు మీ ఆఫీసుకు. నలభై మంది క్లయింట్లకు నలభై ప్రొఫైళ్లు చేయమని నేను చెప్పను, వారం తిరగకుండానే అవి ఒక గందరగోళం అవుతాయి. మూడు చాలు. వాటికి క్లయింట్ల పేర్లు పెట్టకుండా ఎరుపు, పచ్చ, నీలం అని పెట్టి, విండో రంగు కూడా అలాగే మార్చండి. ఒక్కో రంగులో ఒక సమయంలో ఒక్క క్లయింటు మాత్రమే. ఆ పని ముగించి, ట్యాబ్ మూయడం కాదు, సైటులోని లాగ్ అవుట్ నొక్కిన తరువాతే అదే రంగులో రెండవవారిని తెరవాలి. ఆ రంగులో ఎన్ని ట్యాబ్‌లు, ఎన్ని విండోలు తెరుచుకున్నా అభ్యంతరం లేదు, అన్నీ ఆ ఒక్క క్లయింటువే. సమర్పించే బటన్ ముందు మాత్రం పేజీని ఒకసారి రిఫ్రెష్ చేసి, అప్పుడు పైన కనిపించే పేరు, నంబరు చదవండి. నింపినది ముందుగా సేవ్ చేసుకోవడం మరవకండి, రిఫ్రెష్ చేస్తే సేవ్ చేయనిది పోతుంది.